పోల్ చుట్టూ కుడివైపు

గుడి చుట్టూ తిరిగేటప్పుడు దేవుడు ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఎందుకు ఉండాలి, ఎడమచేతి వైపు ఉంచి తిరిగితే ఏమవుతుంది అన్న అనుమానం నాకు పదేళ్ల వయసు నుంచీ ఉంది. మా నాన్నగారిని అడిగితే "తిరక్కూడదు" అన్నారు. అది సమాధానం కాదని అప్పుడే అనిపించింది. అయినా నేనెప్పుడూ అలా తిరగలేదు. ఇప్పుడు నాకు యాభై నాలుగు.

మా పడకగది పైకప్పు రోజుకు అంగుళం దిగుతోంది.

మా ఆయన విశ్వపతిగారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. కప్పు ఎంతవరకు దిగిందో పొద్దున్నే గోడమీద పెన్సిలుతో గీత గీస్తారు. మొదట ఫ్యాను విప్పించాం. తర్వాత ఆయన నిలబడడం మానేశారు. మొన్నటి నుంచి కుర్చీ కూడా మానేసి చాపమీద కూర్చుంటున్నారు.

"ఇవాళ ఎన్ని తిరిగావు?" అని అడుగుతారు.

"పదకొండు."

"రేపు తొమ్మిదితో సరిపెట్టు. దువ్వుకున్న జుట్టు చెదురుతోంది."

మేడమీద వాటాలో ప్రిసిల్లా అనే అమ్మాయి అద్దెకుంటుంది. ఒంటికి వ్యాయామంగా పోల్ డాన్సు నేర్పుతుంది. ఆమె గది మధ్యలో స్టీలు పోల్ ఉంది. అది ఆమె నేలను దాటి మా పడకగదిలోకి వచ్చి, మంచం పక్కన గచ్చులోకి మరమేకులా దిగింది. దాని చుట్టూ మరచుట్లున్నాయి. మేము వాటికి తువ్వాళ్లు తగిలిస్తాం.

ఎముకలు పలచబడ్డాయి, ఏదైనా వ్యాయామం చెయ్యమని డాక్టరు చెప్పిన సాయంత్రం నేను మెట్లెక్కి వెళ్తాను. ముందుగా పోల్‌ను తాకి కళ్లకద్దుకుంటాను.

"దండం అయ్యాక గుడ్డతో తుడవండి ఆంటీ. చెయ్యి జారిపోద్ది" అంటుంది ప్రిసిల్లా.

ఆమె అరచేతులకు సుద్దపొడి రాస్తుంది. కుడిచేత్తో పైన పట్టుకుని, బయటికాలు విసిరి, లోపలికాలు పోల్‌కు చుట్టాలి. అప్పుడు ఒళ్లు దానంతట అదే తిరుగుతుంది. నేను తిరుగుతాను. పోల్ నాతోపాటు తిరిగి మా కప్పును కిందికి లాగుతుంది, కింద గచ్చు కిర్రుమంటుంది.

"ఇప్పుడు ఎడమవైపు."

"అటు తిరగను తల్లీ."

"రెండు వైపులా చెయ్యకపోతే ఒళ్లు ఒకపక్కకి లాగేస్తది ఆంటీ."

"లాగెయ్యనీ. అప్రదక్షిణం చెయ్యను."

ప్రిసిల్లా గుడ్డతో పోల్ తుడుస్తుంది. "మా చర్చిలో ఎటూ తిరగం. కూర్చుంటాం" అంటుంది. ఆ తర్వాత మళ్లీ బలవంతపెట్టదు.

పోల్ రాసుకున్నచోట ఒళ్లు కములుతుంది. నొప్పి ఉండాలట. నాకు ఏమీ తెలియదు. వంట చేస్తుంటే ఆ కమిలిన మచ్చలు నేరేడుపళ్లలా ఊడి గచ్చుమీద పడతాయి. ఊడ్చి చేటలో ఎత్తి పారబోస్తాను.

మూడు నెలలకు ప్రిసిల్లా నన్నే నేర్పమంటుంది. మా సహస్రనామ బృందంలోని పదకొండుమంది వస్తారు. నేను చెప్పేది ఒకటే: పోల్ కుడిచేతి వైపు ఉండాలి, నోట్లో నామం ఉండాలి. వాళ్లు ఇంకేమీ అడగరు. శ్యామలాంబగారు కొంగు నడుముకు దోపి మొదటిరోజే ఇరవై ఒకటి తిరుగుతుంది.

"ఈ మోకాళ్లతో గుడి చుట్టూ మూడే కష్టం. ఇక్కడ కాలు నేలకే ఆనక్కర్లేదు కదే!" అంటుంది.

ఆ వారం కప్పు అడుగున్నర దిగుతుంది.

నేను కిందికి వచ్చేసరికి పడకగది తలుపు కుంగి పళ్లెం పట్టేంత సందు మాత్రం మిగిలి ఉంటుంది. సందులోంచి చూస్తే మా ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు. కప్పుకూ ఆయన ముక్కుకూ మధ్య జానెడు ఖాళీ ఉంది.

"నిన్ననే బయటికి రావాల్సిందండీ."

"వస్తే కప్పు దేన్ని చూసి ఆగుతుంది?"

ఉప్మా పళ్లెం లోపలికి తోస్తాను. ఆయన పక్కకు తిరిగి తింటారు. ఇంక ఎవరూ కుడివైపు తిరగకపోయినా కప్పు తన బరువుకు తాను దిగుతూనే ఉంది. రేపు పొద్దుటికి ఆయన ఛాతీని తాకుతుంది. పోల్‌ను ఎడమకు తిప్పితే పైకి లేస్తుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన నన్ను అడగరు. నేను పళ్లెం కోసం చెయ్యి చాపి అక్కడే కూర్చుంటాను.

పళ్లెంతోపాటు ఒక కాగితం బయటికి వస్తుంది. దానిమీద గుండ్రంగా కుడివైపు తిరిగే బాణం గీసి ఉంది.

"వెలుతురుకు పెట్టి వెనకనుంచి చూడు" అంటారు లోపలినుంచి.

వెనకనుంచి చూస్తే అదే బాణం ఎడమవైపు తిరుగుతోంది.

"నువ్వు తలకిందులైతే చాలు. పోల్ నీ కుడిచేతి వైపే ఉంటుంది. మర మాత్రం ఊడుతుంది."

"ఈ వయసులో తలకిందులా?"

"నేను ఈ వయసులో నేలకంటుకోలేదూ?"

మేడమీద ప్రిసిల్లా నా చీర కేసి చూస్తుంది. "గుడ్డ జారిపోద్ది ఆంటీ. పోల్‌ని పట్టేది చర్మమే. మోకాలి వెనక చర్మం."

నా మోకాళ్లను మా ఆయన కూడా వెలుతురులో చూడలేదు. పదకొండుమందినీ గోడవైపు తిరగమంటాను. వాళ్లు తిరిగి నామాలు మొదలుపెడతారు. ప్రిసిల్లా ఇచ్చిన పొట్టి లాగు వేసుకుని, పోల్‌ను ఛాతీకి అదుముకుని కాళ్లు పైకి విసురుతాను. మొదటిసారి పడతాను. రెండోసారి పడతాను. నాలుగోసారి మోకాలి వెనక మడత స్టీలును పట్టుకుంటుంది. నేను వేలాడుతున్నాను.

పోల్ చుట్టూ నేల పెచ్చులూడి కంత పడింది. నా తల అందులోంచి పడకగదిలోకి వేలాడుతుంది. మా ఆయన ముఖం నా ముఖానికి దగ్గరగా ఉంది.

"తిప్పుతున్నానండీ."

"కాస్త ఆగు" అంటారాయన. "నీకో విషయం చెప్పలేదు. పెళ్లైన రెండో ఏడు నీకు టైఫాయిడ్ వచ్చింది చూడూ, అప్పుడు సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నాను. ఏడు పొర్లుదండాలు."

"మరి?"

"నలుగురిలో చొక్కా విప్పడానికి సిగ్గేసింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ ముప్ఫై ఏళ్లయింది. ఇక్కడైతే ఎవరూ చూడరు. కప్పు పూర్తిగా లేచిందంటే మళ్లీ సిగ్గేస్తుంది."

"అయితే మీతోపాటే తిప్పుతాను. మీరొకటి, నేనొకటి."

ఆయన పడుకున్నచోటే చొక్కా విప్పుతారు. చెంబులో నీళ్లు ఒంటిమీద ఒంపుకుంటారు. నుదుటిమీద చేతులు జోడించి, పోల్ చుట్టూ దొర్లుతారు. నేను పైన తలకిందులుగా తిరుగుతాను. పోల్ మా ఇద్దరికీ కుడివైపే ఉంది. మర కిర్రుమని వదులవుతుంది.

ప్రిసిల్లా నేలకు చెవి ఆనించి లెక్కపెడుతుంది. "ఒకటి అయింది అంకుల్. మంచంకోడు చూసుకోండి."

మూడో దండానికి ఆయన మోచేతులమీద లేవగలిగేంత ఎత్తు వస్తుంది. ఆయన లేవరు. అయిదో దండానికి తలుపు తెరుచుకుంటుంది. గోడవైపు తిరిగిన ఆడవాళ్లు ఒక్కొక్కరే మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడతారు.

"అన్నయ్యగారు ఇంత తెల్లగా ఉంటారని తెలీదే!" అంటుంది శ్యామలాంబగారు.

మా ఆయన కళ్లు మూసుకుని ఆరోది పూర్తిచేస్తారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఏడోది నెమ్మదిగా, ఒక్క అంగుళం కూడా వదలకుండా దొర్లుతారు.

"ఏడు" అంటుంది ప్రిసిల్లా.

పోల్ కొస గచ్చులోంచి ఊడి వస్తుంది. ఆ రంధ్రం చాపంత వెడల్పవుతుంది. అందులోంచి నవారు మంచం ఒకటి పైకి వస్తుంది. మంచంమీద టైఫాయిడ్ నాటి ఇరవై మూడేళ్ల నేను దుప్పటి కప్పుకుని ఉన్నాను. పెదవులు పొలుసులు కట్టాయి. ఎప్పటినుంచో కింద పడుకుని ఉన్నట్టుంది.

మా ఆయన తడి ఒంటితోనే లేచి, ఆమె నుదుటిమీద చెయ్యి పెట్టి చూస్తారు. చాలాసేపు చూస్తారు.

"జ్వరం దిగింది. ఇంక పథ్యం పెట్టొచ్చు" అని నాతో చెబుతారు.

శ్యామలాంబగారు గిన్నెలో పాతబియ్యం పోసి అందిస్తుంది. నేను వేలాడుతూనే బియ్యం కడుగుతాను. కడుగునీళ్లు పైకి జారి కప్పుమీద నిలుస్తున్నాయి. మంచంమీద ఉన్న ఆమె కళ్లు తెరిచి వాటినే చూస్తూ, ఆకలేస్తోంది అంటుంది.