అభ్యంతరం లేదని ఒక ఉత్తరం

"నీకు డబ్బెందుకోయ్, నేను లేనూ?"

భర్త ఆ మాట మొదటిసారి అన్నప్పుడు ఆమె పొంగిపోయింది. అప్పటికి పెళ్లయి పదకొండు రోజులు. అతను తల తుడుచుకుంటూ అన్నాడు. తువ్వాలు కింద నుంచి ఒక్క చెవి మాత్రం ఎర్రగా బయటికి కనిపిస్తోంది. ఆ చెవిని చూసి నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. ఆ రోజుల్లో ఆమెకి అన్నిటికీ నవ్వొచ్చేది. తలుపుకి ఇద్దరివీ రెండు తాళంచెవులు వేలాడుతుంటే నవ్వు, కొత్త కుక్కర్ మొదటి కూత కూస్తే నవ్వు.

మూడు నెలలు తిరిగేసరికి అదే మాట ఆరోసారి వినిపించింది. ఆమె ఇస్త్రీ బల్ల ముందు నిలబడి అతని చొక్కా కాలరు తిరగేస్తోంది.

"నా ఖర్చులకి కాదండీ. ఫీల్డ్‌వర్క్‌కి."

"అదేగా! ఎంతవుతుందో చెప్పు, నెలనెలా ఇచ్చేస్తాను. ఎవరెవరికో దరఖాస్తులు పెట్టి వాళ్ల గుమ్మాలు పట్టుకుని వేలాడ్డం దేనికి?"

ఎలా చెప్పాలి? చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడుతోంది. ఆమె పరిశోధన రేవు పట్నంలో చేపలు శుభ్రం చేసి డబ్బాల్లో నింపే ఆడవాళ్ల మీద. వాళ్లు ఎప్పుడు నిద్రపోతారు, పిల్లల్ని ఎవరికి అప్పగించి వస్తారు, ఇంటి పని, కార్ఖానా పని ఒకదాన్లో ఒకటి ఎలా ఇముడ్చుకుంటారు అన్నది తెలుసుకోవాలంటే అక్కడే ఎనిమిది నెలలు ఉండాలి. బయటి సంస్థ ఏదైనా నిధి ఇస్తేనే విశ్వవిద్యాలయం అన్నాళ్లు వదులుతుంది. లేకపోతే లైబ్రరీలో కూర్చుని పాత నివేదికల మీద థీసిస్ రాసుకోవాలి. పడవ మొహం చూడకుండా రేవు గురించి రాయడమన్నమాట. మొగుడి జేబులోంచి వచ్చేది నిధి కిందికి రాదు. పైగా ఇంటి డబ్బుతో వెళ్లిన మనిషి, ఇల్లు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెనక్కి రావాలి. ఈ ఆఖరి ముక్క ఆమె పైకి అనలేదు.

నిధి వెతకడమంటే అదో ఉద్యోగం, జీతం లేనిది. మధ్యాహ్నాలు ఆమె ఆ ఉద్యోగమే చేసింది. ఒక సంస్థకి ఫోను చేస్తే "మీ పరిశోధనలో యంత్రమేమైనా తయారవుతుందా?" అని అడిగారు. మనుషుల గురించి అంటే "ఓహో" అని పెట్టేశారు. ఇంకో సంస్థ వాళ్లు వయసు దాటిపోయిందన్నారు, ఇరవై రోజుల తేడాతో. మూడో సంస్థ నలభై పేజీలు నింపించుకుని, ఈ ఏడాదికి ఆడవాళ్ల అంశం అయిపోయింది, నీళ్ల అంశం నడుస్తోంది అని రాసింది. కార్ఖానాలో చేపలు కడిగేది నీళ్లతోనే కదా అని ఆ నలభై పేజీలూ మార్చి పంపుదామా అని ఒక పూటంతా ఆలోచించింది కూడా. మధ్యలో కుళాయి బాగుచేసే అతను వస్తాడు, తలుపు తీయాలి. గ్యాస్ బండ వస్తుంది, తలుపు తీయాలి.

"ఇంట్లోనే కూర్చుని ఉంటావుగా అమ్మాయ్," అంటారు అత్తగారు. "నీకు తలుపు తీయడం ఏం కష్టం?"

అత్తగారు చెడ్డావిడ కాదు. కోడలు చదువుకున్నదని పక్క వాటాలవాళ్లతో గొప్పగా చెప్పుకుంటారు. చదువుకుంటోందని మాత్రం ఆవిడకి తోచదు. ఆరడుగుల కొడుకుని ఇప్పటికీ చంటీ అనే పిలుస్తారు.

చివరికి ఒకటి దొరికింది. సమాజశాస్త్రాలకే ఇచ్చే ఫెలోషిప్, థీసిస్ దశలో ఉన్నవాళ్లకే. శుక్రవారం సాయంత్రం అయిదింటికి గడువు. ప్రతిపాదన, కాలపట్టిక, బడ్జెట్, గైడ్ సిఫారసు ఉత్తరం. ప్రకటన చదివినప్పుడు ఆమె గదిలో ఒక్కతే గిర్రున ఒక చుట్టు తిరిగింది.

సిఫారసు ఉత్తరమంటే వాళ్ల విభాగంలో ఒక పద్ధతుంది. "నువ్వే రాసి పట్రామ్మా, సంతకం పెడతాను" అంటారు గైడ్ గారు. ఆయన అందరికీ అలాగే అంటారు. కాకపోతే మగపిల్లలవి కూడా ఆమె చేతే టైపు చేయిస్తారు. "నీ భాష బావుంటుంది" అనేది దానికి ముట్టే జీతం. ఆయన గొంతు పెట్టుకుని తనని తనే పొగుడుకోవాలి. మొదటిసారి రాసింది చదువుకుంటే క్రమశిక్షణ, వినయం, అణకువ అని ఉన్నాయి. సంబంధానికి పంపే వివరాల కాయితంలా ఉంది. విభాగంలో ఒక సీనియర్ కోసం నిరుడు తనే టైపు చేసినది తీసి చూసింది. స్వతంత్ర ఆలోచన, సాహసం, లోతైన విశ్లేషణ. ఆ మాటలు తనకి తెలియక కాదు. తన వేళ్లే కొట్టాయి వాటిని. ఒళ్లు మండి వినయాన్ని చెరిపేసింది.

బుధవారం గైడ్ గారు కళ్లజోడు సర్దుకుని ఉత్తరమంతా చదివారు, ఎన్నడూ లేనిది. ఎర్ర పెన్ను తీసి "ఈమె" అన్న మాట తర్వాత ఇరికించి రాశారు: "వివాహిత అయినప్పటికీ".

"అదెందుకు సార్?"

"కమిటీకి డౌటు రాదా అమ్మా? కొత్తగా పెళ్లయిన పిల్ల ఎనిమిది నెలలు ఎక్కడుంటుంది, రేపు నెల తప్పితే డబ్బు ఏమవుతుంది అని? మనమే ముందు చెప్పేస్తే మంచిది."

ఈ సంతకం లేకపోతే ఏమీ లేదు. అయినా ఆమె నోరు ఊరుకోలేదు. "సీనియర్‌ది నేనే టైపు చేశాను కదా సార్. ఆయనకి అప్పటికే ఇద్దరు పిల్లలు. 'వివాహితుడైనప్పటికీ' అని మీరు రాయలేదు."

ఆయన నవ్వి, ఎర్ర మాటని ఎర్ర గీతతోనే కొట్టేశారు. "నీతో పెట్టుకుంటే నా పని అయినట్టే. సరే, శుభ్రంగా టైపు కొట్టుకుని రా, సంతకం పెడతాను. కానీ ఒకటి చెయ్యి. మీ ఆయన చేత అభ్యంతరం లేదని ఒక ఉత్తరం తీసుకుని జతచెయ్యి. నీ మంచికే చెబుతున్నా."

ఆ మధ్యాహ్నమే సంతకం పడింది. సంతకం పడినందుకు ఎగిరి గంతేయాలా, ఆ ఉత్తరం అడిగినందుకు నెత్తి బాదుకోవాలా తేలక బస్సులో కిటికీ పక్కన కూర్చుని రెండూ కొంచెం కొంచెం చేసింది.

ఇంట్లో చెబితే భర్త ఉషారైపోయాడు. "ఓస్, ఇంతేనా! నువ్వే రాసి పెట్టెయ్, సంతకం పడేస్తాను."

ఆమె టైపు చేయడానికి కూర్చుంది. "నా భార్యను పంపించడానికి" దాకా వచ్చి వేళ్లు ఆగిపోయాయి. ఒక మగాడి గొంతు అరువు తెచ్చుకుని తనని పొగుడుకుంది, బానే ఉంది. ఇంకో మగాడి గొంతుతో తనకి తనే అనుమతిచ్చుకోవాలా?

"మీ ఉత్తరం మీరే రాయండి," అంది లేచి.

గురువారం అతను ఆఫీసు నుంచి మంచి కాగితం తెచ్చి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని రాశాడు. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలంటే ఆమెకి ఇష్టం. పెళ్లికి ముందు వాటికోసం పోస్టు వచ్చే వేళకి వాకిట్లో తచ్చాడేది. ఇద్దరూ ముచ్చటపడుతూ ఆమె చేతికిచ్చారు.

"నా భార్య పరిశోధన నిమిత్తం వెళ్లుటకు నాకు అభ్యంతరం లేదు. ఆమె ప్రతి శుక్రవారం ఇంటికి వచ్చి సోమవారం వెళ్లును. మా అమ్మగారికి ఒంట్లో బాగుండని యెడల వెంటనే తిరిగి వచ్చును. ఇంటి పనులకు లోటు రానివ్వనని మాట ఇచ్చినది."

"నేనెప్పుడు మాటిచ్చాను?"

"ఇస్తావుగా!" అన్నాడతను, అమాయకంగా.

"పడవలు వచ్చేదే శనాదివారాలండీ. కార్ఖానాలో అసలు పని ఆ రెండు రోజులే. ఆ రెండు రోజులూ నేనిక్కడుంటే అక్కడ ఇక గోడల్ని ఇంటర్వ్యూ చేయాలి."

"అబ్బ, అది ఊరికే ఫార్మాలిటీకి. వాళ్లేం వచ్చి చూస్తారా?"

"ఫార్మాలిటీకే అయితే అన్ని షరతులు ఎందుకు పెట్టారు?"

అతను తల్లి వైపు చూశాడు. అత్తగారు అందుకున్నారు. "వాడు వద్దనలేదుగా అమ్మాయ్! మా కాలంలో అయితే అడిగే ధైర్యం కూడా ఉండేది కాదు. చంటి కాబట్టి సరే అన్నాడు."

ఆమె ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టింది. చించలేదు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి మరి.

శుక్రవారం పొద్దున్న అతను వెళ్లాక ఫెలోషిప్ ఆఫీసుకి ఫోను చేసింది. అవతల ఎవరో నడివయసు ఆవిడ, ఏదో నములుతూ మాట్లాడుతోంది.

"భర్త ఉత్తరం జతచేయాలా అండీ?"

"ఎవరి ఉత్తరం?" నమలడం ఆగింది.

"మా ఆయనది. అభ్యంతరం లేదని."

"దరఖాస్తు పెట్టేది మీరా, ఆయనా?"

"నేనే."

"మరి ఆయన్నెందుకు పిలుస్తారమ్మా మధ్యలో? మీ కాలపట్టికలో మార్చి నెల రెండుసార్లు పడి ఉండకుండా చూసుకోండి. అందరూ చేసే తప్పు అది." ఫోను పెట్టేసింది.

నిజంగానే మార్చి రెండుసార్లు పడి ఉంది. ఆమె దిద్దింది. కాలపట్టికలో ఎనిమిది నెలల్నీ, శనాదివారాలతో సహా, రేవు పట్నంలోనే ఉంచింది. మధ్యలో తలుపు చప్పుడైంది. "అమ్మాయ్, ఎవరో చూడు!" అన్నారు అత్తగారు హాల్లోంచి. తలుపుకి ఆవిడే దగ్గర. ఆమె కుర్చీ కదపలేదు. రెండోసారి చప్పుడైంది. మూడోసారి అత్తగారి చెప్పులు గుమ్మం వైపు నడవడం వినిపించింది. నాలుగుంబావుకి దరఖాస్తు చేరినట్టు కంప్యూటర్ తెర మీద నమోదు అంకె వచ్చింది. ఆ అంకెని అరచేతి మీద రాసుకుంది, చిన్నపిల్లలా.

అతను ఆరింటికి వచ్చాడు. బూట్లు విప్పుతూ, "పంపేశావా?" అన్నాడు. నిజంగానే సంతోషంగా అడిగాడు.

"పంపేశాను." అరచెయ్యి చూపించింది. అతను ఆ చేతిని పట్టుకుని అంకె చదివాడు, చదివి వేళ్ల కొసల మీద ముద్దుపెట్టాడు. ఆమె నవ్వింది. వెనక్కి లాక్కోలేదు.

"నా ఉత్తరం బావుందన్నారా? జత చేశావుగా?"

"లేదు. వాళ్లు అడగలేదు."

"పోన్లే. గైడ్ గారు అడిగితే చూపిద్దువుగాని."

"ఆయన అడిగినా చూపించను," అంది, చెయ్యి అతని చేతిలోనే ఉంచి. "మీకు అభ్యంతరం ఉందా అని నేనూ ఎప్పుడూ అడగలేదండీ. వెళ్తున్నానని చెప్పాను."