వారమంతా ఒక్కపొద్దు

కామారెడ్డిలో కళ్యాణి పనిచేసే బట్టల దుకాణంలో ఆమెను మించిన భక్తురాలు లేదని పేరు. సోమవారం శివుడికి, మంగళవారం హనుమంతుడికి, గురువారం సాయిబాబాకు, శుక్రవారం లక్ష్మికి, శనివారం వెంకన్నకు ఒక్కపొద్దు. బుధవారం ఎవరికివ్వాలో తోచక వినాయకుడికిచ్చింది. ఆదివారం సూర్యుడి పాలైంది. ఒక్క అబద్ధం ఆడితే దేవుళ్లందరికీ పని కల్పించాల్సి వస్తుందని ఆమెకు ముందు తెలియదు పాపం.

అసలు సంగతి టిఫిన్ డబ్బా. ఆ దుకాణంలో ఆడవాళ్లందరూ మధ్యాహ్నం పై అంతస్తు గోదాములో గుండ్రంగా కూర్చుని తింటారు. ఎవరి కూర వాళ్లు తినడమనేది అక్కడ లేదు. ప్రతి డబ్బా అందరి ముందుకూ తిరగాలి, ప్రతి కూరా తలా ఇంత పడాలి. కళ్యాణి చేరిన మొదటిరోజు ఆమె డబ్బాలో జొన్నరొట్టె, గునుగాకు కూర ఉన్నాయి. చీరల దగ్గర ఉండే రమ దాన్ని కాస్త రుచి చూసి, "ఇది గునుగు గదా అక్కా? మా చేన్ల కలుపు తీసి ఒడ్డు మీద పారేస్తం. నువ్వు డబ్బాల పెట్టుకొచ్చినవా?" అంది. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. కానీ కళ్యాణికి చెవులదాకా వేడెక్కింది. మర్నాడు డబ్బా తెరవకుండా, "నాకు ఒక్కపొద్దు" అనేసింది. అప్పటినుంచి మధ్యాహ్నం కాగానే గుడికని చెప్పి బయటపడేది. బస్టాండులో చివరి బల్ల మీద గోడవైపు తిరిగి కూర్చుని, దొంగతిండి తిన్నట్టు గబగబా తినేది.

ఆ కూర వండేది అత్త విమలమ్మ. కొడుకు మహిపాల్ గల్ఫ్‌లో నడుము దెబ్బతిని తిరిగొచ్చాక, ఎల్లారెడ్డిలో వాళ్ల సంసారం ఆమె చుట్టే బీడీల మీద, కళ్యాణి జీతం మీద నడుస్తోంది. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, పైసా ఇవ్వకుండా బస్సు ఎక్కొచ్చు కాబట్టి కామారెడ్డి ఉద్యోగం గిట్టింది. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ కళ్యాణికి రక్తం తక్కువగా ఉందని, ఆకుకూరలు, పప్పులు బాగా తినాలని చెప్పింది. కిరాణా కొట్టుకు పోతే చేతిలో ఉన్నది నూనెకే సరిపోతుంది. విమలమ్మ కొట్టు వైపు చూడటం మానేసి పొలం గట్ల వైపు చూసింది. పొద్దున్నే వెళ్లి గునుగు, గంగవాయిలి, చెన్నంగి లేత ఆకు ఒడినిండా కోసుకొచ్చేది. కోతలకు పోయినప్పుడు కూలి కింద వచ్చిన జొన్నలతో రొట్టెలు చేసేది. ఆకులో పిడికెడు పెసరపప్పు వేసి, పైన నువ్వుల పొడి చల్లేది. ఒక్కోరోజు ఉలవ గుగ్గిళ్లు కూడా పెట్టేది. "రక్తం పట్టాలె బిడ్డా, మందులకన్న గిదే నయం" అనేది. సాయంత్రం కోడలు ఇంట్లో అడుగుపెట్టగానే ముందు డబ్బా మూత తీసి చూసేది.

"అంత తిన్నవా?"

"తిన్న అత్తమ్మా."

అది నిజమే. తిన్నది ఎక్కడో, ఎందుకో చెప్పలేదంతే. ఆ ఖాళీ డబ్బాను చూసి అత్త మురిసిపోతుంటే కళ్యాణికి తలదించుకోవాలనిపించేది. ఈ సంగతి ఏనాటికీ అత్తకు తెలియకూడదని, అదొక్కటే ఆమె భయం.

వానలు పడుతున్న రోజుల్లో రమ కూతురికి డెంగీ జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేర్చారు. రమ దుకాణానికి వచ్చి కళ్యాణి చేతులు పట్టుకుని ఏడ్చింది.

"అక్కా, నువ్వు గింత నిష్ఠగ ఉంటవు. నీ మాట దేవుడు ఇంటడు. నా బిడ్డ కోసం జర మొక్కక్కా."

కళ్యాణికి ఆ చేతులు విడిపించుకుని పారిపోవాలనిపించింది. చెప్పేద్దామనుకుంది. కానీ అంత ఏడుస్తున్న తల్లికి, నేను రోజూ బస్టాండులో తింటున్నానని ఎలా చెప్పడం? "మొక్కుత" అంది. ఆ రోజు మాత్రం నిజంగానే పస్తు ఉంది. డబ్బాలోది బస్టాండులో కుక్కకు పెట్టింది. అత్త కోసుకొచ్చిన ఆకు కుక్క పాలు చేసినందుకు అదో పాపం.

పిల్ల కోలుకుంది. అమాసనాడు దుకాణం బంద్. రమ, దుకాణంలో అందరికంటే పెద్దదైన అనసూయమ్మ కలిసి పూలు, కొబ్బరికాయ, రవికె గుడ్డ పట్టుకుని చెప్పాపెట్టకుండా ఎల్లారెడ్డిలో దిగారు. విమలమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపలినుంచి వచ్చిన కళ్యాణి వాళ్లను చూడగానే గడపలోనే ఆగిపోయింది.

రమ ఆమెకు బొట్టు పెట్టి కాళ్లకు మొక్కబోయింది. కళ్యాణి వెనక్కి జరిగింది.

"మీ కోడలు దేవత పెద్దమ్మా" అంది రమ. "వారమంత ఒక్కపొద్దే. పగటిపూట మెతుకు ముట్టది. మొదట్ల గునుగు కూర తెచ్చుకున్ననాడు, కలుపు తెచ్చినవా అని నేనే నవ్విన. తెల్లారి సంది ఒక్కపొద్దులు పట్టింది. గసొంటి మనిషిని నవ్వినందుకే నా బిడ్డకు గట్లయిందేమోనని శానా ఏడ్చిన. తప్పయింది పెద్దమ్మా."

విమలమ్మ వేళ్లు ఆగిపోయాయి. కోడలి వైపు చూసింది. కళ్యాణి తలెత్తలేదు. డబ్బా రోజూ ఖాళీగానే వస్తుందని అత్త ఒక్కమాట అంటే చాలు, అంతా అయిపోతుంది.

విమలమ్మ చేతిలోని బీడీకి దారం చుట్టి చాటలో పెట్టింది.

"ఔ బిడ్డా. మా కోడలికి దేవుడంటే మస్తు భక్తి."

అనసూయమ్మ మంచినీళ్లు తాగి చెంబు కింద పెడుతూ, "ఏం వండుతున్నవు వదినె? కమ్మగ వాసనొస్తుంది" అంది. పొయ్యి మీద గంగవాయిలి పప్పు ఉడుకుతోంది. ఇంటికొచ్చిన మనిషిని తినకుండా ఏనాడూ పంపని విమలమ్మ లేచి వెళ్లి పొయ్యి ఆర్పి, గిన్నె మీద మూత పెట్టింది.

"మీరు తినేటిది గాదు వదినె. చాయ్ పెడ్త, కూసోండ్రి."

ఆ మాట కళ్యాణికి గుండెలో గుచ్చుకుంది. ఎన్నడూ లేనిది అత్త తన వంటను దాచుకుంటోంది. అత్తకు ఆ సిగ్గు తనవల్లే పట్టుకుంది. చెంప పగలగొట్టినా ఇంత బాధపడేది కాదు.

వాళ్లు వెళ్లిపోయాక, "అత్తమ్మా, నేను..." అని మొదలుపెట్టింది. విమలమ్మ, "బీడీలు లెక్క తక్కువున్నయి, జర ఆకు కత్తిరియ్యి" అని మాట మార్చేసింది.

మర్నాడు విమలమ్మ గట్లకు పోలేదు. కళ్యాణి బస్సుకు బయల్దేరుతుంటే డబ్బా మూత తీసి చూపించింది. తెల్లన్నం, ఆలుగడ్డ వేపుడు, ఓ పక్కన అప్పడం. నెలంతా పొదుపుగా వాడుకోవాల్సిన నూనె ఆ వేపుడులో మెరుస్తోంది.

"రక్తం సంగతి మెల్లగ చూద్దాం" అంది విమలమ్మ. "గిదైతే నలుగురిట్ల కూసోని తింటవు బిడ్డా."

ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే కళ్యాణి ఏదో ఒకటి చెప్పుకుని ఉండేది.