తిండి మానేసిన పురుగులు

పైడిరాజు పంచెను ఇంకోసారి దులిపి, నిద్రగన్నేరు చెట్టు కింద ముడతల్లేకుండా పరిచాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. యూ టీ అనే పేటలో ఫ్లాట్ల మధ్య ఉన్న ఆ చెట్టు ఆకుల్ని గొంగళిపురుగులు జల్లెడ చేసేశాయి. మూడు రోజుల క్రితం అతను వేపగింజలు దంచి, నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు కలిపి కొమ్మకొమ్మకీ కొట్టాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. తాత విశాఖ తీరంలో ఓడెక్కి ఈ పరాయి దేశం వచ్చాడు. మనవడికి మిగిలింది ఆ యాస, ఈ తోటపని. ముప్పై ఏళ్లు డబ్బా వీపున మోసి రసాయన మందే కొట్టాడు. గోళ్లు పసుపెక్కాయి, దగ్గు ఇల్లరికపుటల్లుడిలా తిష్ఠ వేసింది. మందు కొట్టిన మర్నాడు చెట్ల కింద చచ్చిపడిన గోరింకల్ని సంచిలోకి ఏరిందీ అతనే. ఆ పాపం తనదేనని అతని బాధ. ఒక్క చెట్టునైనా విషం లేకుండా బతికించి పని మానాలని కోరిక. అడగ్గా అడగ్గా ఈ చెట్టు అతని చేతికిచ్చారు. గడువు ఇవాళ్టితో సరి.

పదింటికి సూపర్‌వైజరు లక్ష్మీప్రియ వచ్చింది. గుంటూరు పిల్ల, ఈ ఊరొచ్చి రెండేళ్లు. తలెత్తి చూస్తే పురుగులు కొమ్మల మీద దర్జాగా ఉన్నాయి.

"అంకుల్, అన్నీ బతికే ఉన్నాయిగా! ఫారంలో ఎన్ని చచ్చాయో రాయాలి. నాలుగింటికి స్ప్రే లారీ బుక్ చేసేశాను."

"చావనేదమ్మా. చేదుకి మకాన్ మానేసినాయి, తిండి ముట్టడం నేదు. తింటేనే కదా పెంటికలు రాలేది? పంచె చూడు."

పంచె మీద ఆవగింజలంత నల్లటి పెంటికలు పది దాకా ఉన్నాయి.

"మరి ఇవేంటి?"

పైడిరాజుకి తల కొట్టేసినట్టయింది. "నిన్న నూరు దాటినాయి. నాలుగు దాకా ఆగమ్మా."

సరేనని వెళ్లిపోయింది. ఆ తర్వాత అతనికి కాలు నిలవలేదు. టిఫిన్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాడు. దులపడం, పరచడం, వంగి చూడటం. పన్నెండింటికి నాలుగు. రెండింటికి ఒకటి. "తినకండే, నా తల్లుల్లారా," అని పురుగుల్నే బతిమాలాడు. ఛాతీలో పట్టేసినట్టుంటే దగ్గు వల్లే అనుకున్నాడు. మూడింటికి పంచె మరోసారి దులిపి పరిచి, మానుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

లక్ష్మీప్రియ వచ్చేసరికి లారీ ఆగి ఉంది. "అంకుల్," అని పిలిచింది. పలకలేదు. భుజం తట్టింది; చెయ్యి పక్కకి జారిపోయింది. అంబులెన్సు వాళ్లు వచ్చి, చూసి, ఇక తొందర లేనట్టు మెల్లగా ఎత్తుకెళ్లారు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

లారీ మనిషి కాసేపాగి, పైపు విప్పనా అని అడిగాడు. ఆమె కళ్లు తుడుచుకుని చెట్టు కిందకి చూసింది. వద్దని తల అడ్డంగా ఊపింది.

ఎండ వాలుతున్న ఆ గడ్డి మీద పంచె తెల్లగా, ఒక్క నల్లటి పెంటిక లేకుండా పరిచి ఉంది.