దిగనీయని బండి

వర్షర్తువు వెడలి శరత్కాలము కాలూనిన యాశ్వయుజమాసపు టపరాహ్ణమున కడిగి యారవేసిన వస్త్రమువలె నిర్మలమైన గగనతలమునుండి జాలువారు పసిడికిరణములు విజయనగర పురమందలి యొక యిరుకువీథిలో ఇత్తడిసామాను దుకాణపు బిందెలపైని చెంబులపైని తళతళలాడుచు బాటసారుల కన్నులకు మిరుమిట్లు గొలుపుచుండెను. అట్టి శోభాయమానమైన వేళ నా దుకాణము ముంగిట నొక పెద్దమనిషి తన సైకిలును రెండుచేతులం బట్టుకొని యెండలో నిలువబడి చెమటలు గ్రక్కుచుండెను. అతని పేరు పైడిరాజు. ఉన్నతపాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయుడు.

ఆ సైకిలు సామాన్యమైనది కాదు. మధుమేహమునకు వ్యాయామము వలయునని వైద్యుడు చెప్పినదే తడవుగా చైత్రమాసమున విశాఖపట్టణమునకు బోయి పాతసైకిలును మారకమున కిచ్చి మోటారుసైకిలు వెలకు దీసిపోని వెలపోసి కొనితెచ్చిన పందెపు సైకిలది. నిజము చెప్పవలయునన్న చక్కని బండియే. ఇనుము గాక తేలికైన కార్బనుతో జేసిన చట్రమగుటచే నొక్కచేత నవలీలగా నెత్తవచ్చును. ప్రభాతసమయమున దానినెక్కి యూరివెలుపలి బాటం బోవునప్పుడు పైడిరాజు తన యేబదియేండ్ల వయస్సును మోకాళ్ల నొప్పిని మరచి పదియాఱేండ్ల బాలుడై పోవుచుండెను. కాని అయ్యలారా! బండి యెక్కినవాడు దిగకుండ నుండునా? ఆ బండికి స్టాండు లేదు. సంచి పెట్టుకొన క్యారియరు లేదు. తాళము వేయుదమన్న చక్రములు చిటికెలో నూడివచ్చును. అమ్మినవాడే "మాస్టారండీ, దీన్ని వదిలీసి పక్కకెళ్లకండి. తిరిగొచ్చీసరికుండదు" అని చెప్పి పంపెను. ఆ మాట పైడిరాజు చెవిలో దూరి మరి బయటకు రాలేదు.

నాటినుండి యాతడు రైతుబజారున వంకాయ లేరుకొనుటకు వంగలేడు. క్షౌరశాలలో కన్నులు మూసికొని కూర్చుండలేడు. ఆటోలో పోరాదా యని మీరడుగుదురు. అడుగుడు! అంత ధనము గుమ్మరించి కొన్న బండిని గోడకానించి ఆటో యెక్కినచో ఉపాధ్యాయుల గదిలో నవ్వులపాలు గాడా? పందెములకు బోవువారి కట్టి బండి తగియుండవచ్చును. కూరలకు మందులకు చుట్టపుచూపునకు దిరుగువాని కది వాహనమెట్లగును? ఏలిక బండియు కావలివాడు పైడిరాజును నయి చిక్కుకొనిపోయిరి.

ఆ దుకాణముపై మేడగదిలో నాతని యక్క వరహాలమ్మ కాపురముండెను. అప్ప యని యాతడు పిలుచును. ఆ సీమలో నక్క కదియే పేరు. తల్లి పోయిన పసివానిని పెంచినది యామెయే. పాతసైకిలున్న దినములలో ననుదినము సాయంకాలము దానిని గోడకు జేరవైచి మేడ యెక్కి యామె చేతి టీ త్రాగిగాని యింటికి బోవువాడు కాడు. క్రొత్తబండి వచ్చిన పిదప ఆమెయే మెట్లు దిగివచ్చి వీథిగడపలో మాటలాడి పోవుచుండెను. జ్యేష్ఠమున కాలుజారిపడి తుంటి విరిగి యామె మంచము పట్టి పనిమనిషి కనిపెట్టుకొనియుండగా పైడిరాజు వీథిలోనుండియే కిటికీవైపు తలయెత్తి "ఎలాగున్నావప్పా?" యని కేకవేయును. "బాగున్నాన్రా" యని పైనుండి సన్నని బదులు వచ్చును. ఒకనాడు బండిని దుకాణదారున కప్పగించి సగము మెట్లెక్కెను గాని బేరము తగిలి దుకాణదారుడు లోనికి బోవుట గాంచి పరుగున దిగివచ్చెను. రేపు నడచివత్తునని ప్రతిదినము ననుకొనెను. ఆ రేపు రాకయే నాలుగుమాసములు గడచెను.

నేడో, వరహాలమ్మ యేకైకపుత్రిక ఇందుమతి తల్లిని శాశ్వతముగా వరంగల్లునకు దీసికొనిపోవ వచ్చియున్నది. వ్యాను వీథిమొగమున నిలిచినది. ఇక నుపేక్షించిన అప్ప గదిలో కూర్చుండు భాగ్యము లేదని యెఱిగి పైడిరాజు తెగించి బండిచట్రములో భుజము దూర్చి యెత్తుకొని యా యిరుకుమెట్లెక్క మొదలిడెను. నడిమిమలుపున హ్యాండిలు కటకటాలలో జొచ్చి వెనుకచక్రము గోడకు బిగిసెను. పైకి బోరాదు. క్రిందికి రారాదు. భుజమును బయటకు రాదు. బోనుబడిన యెలుకవలె నతడు గింజుకొనుచుండగా ఇందుమతియు డ్రైవరును కుర్చీతో వరహాలమ్మను మెట్లతలకు దెచ్చిరి.

"మావయ్యా, రైలు టైమైపోతంది! ఆ బండి పైకెందుకు తెచ్చినావు?"

"కింద వదిలితే ఎవడో ఎత్తుకుపోతాడమ్మా. అందుకే ఇన్నాళ్లూ పైకి రాలేకపోయాను."

వరహాలమ్మ తమ్ముని వంక నిర్నిమేషముగా జూచెను. ఎంత చిక్కిపోయినది అప్ప!

"బండి కోసమేట్రా?" యని యామె మెల్లగా ననెను. "గదిలో మందుల కంపుకి రావట్లేదనుకున్నాన్రా నేను. రోజూ రెండుసార్లు సాంబ్రాణి వేయించీదాన్ని, నువ్వొస్తావేమోనని."

మఱుక్షణమున పైడిరాజు పండ్లు బిగించి యున్న బలమంతయు గూర్చి ముందున కుఱికెను. ఎండుకొమ్మ విఱిగినట్లు చట్రము ఫెళ్లుమనెను. ఆ తునియలను మెట్లక్రిందికి ద్రోసి కుర్చీ ముందుకోళ్లు తానే పట్టి యక్కను వీథిలోనికి దించి వ్యానులో గూర్చుండబెట్టెను. గదిలో కూర్చుండుటకు మాత్రము వ్యవధి లేకపోయెను.

"అయ్యో, అంత డబ్బు పోసింది, విరిగిపోనాదేట్రా?" యని యామె నొచ్చుకొనెను.

"పోనీ అప్పా." అతడామె చేయి పట్టుకొనెను. "నీ గదిలో కంపేటీ లేదే. ఒట్టు."

వరహాలమ్మ నవ్వెను. అందు నిష్ఠురము లేశమును లేదు.

"లోపలికొచ్చి చూసినావేట్రా, పిచ్చినాయనా?"

వ్యాను కదలెను. పట్టిన చేయి జారెను. అది వీథిమలుపు తిరిగి కనుమఱుగైన పిదపను పైడిరాజు నడివీథిలో రిక్తహస్తుడై నిలిచి "లేదప్పా, లేదు" అని తాను జూడని గదినిగూర్చి తనలో దాను చాలసేపు చెప్పుకొనుచుండెను.