పన్నెండో నెంబరు

1990 సెప్టెంబరు పదకొండున మావారు వాసుదేవరావు గారు ఖైతాన్‌లోని మా ఫ్లాటులో పోయారు. ఇన్సులిన్ అయిపోయి అప్పటికి ఐదు రోజులు. మేమున్న గల్ఫ్ దేశాన్ని ఇరాకీ సైన్యం ఆక్రమించాక ఆ మందు కోసం తిరగని చోటు లేదు.

స్వదేశానికి విమానం దొరికే అమ్మాన్‌కు వెళ్లే బస్సులో మా వీధి తెలుగువాళ్లలో రోజుకు మూడిళ్ల వారికి చోటిచ్చేవారు. ఎదురుచూస్తున్నవి ఎనభై ఇళ్లు. చీటీలు వేస్తే మోసమని తగువులయ్యాయి. చివరికి మావారి కీనో ఆట యంత్రానికి అందరూ ఒప్పుకున్నారు. అరచేతిలో పట్టే దాని తెర మీద ఒకటి నుంచి ఎనభై వరకు అంకెలుంటాయి. మీట నొక్కితే ఇరవై అంకెలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ఇంటికో నెంబరు. ఇంకా వెళ్లనివారిలో ముందు వెలిగిన మూడిళ్లు బస్సెక్కాలి.

ఆయన ఇంజనీరు. ఏ అంకె ఎన్నిసార్లు వెలిగిందో, ఏవి జంటగా వస్తాయో ఏళ్లుగా నోటుబుక్కులో గళ్లు గీసి రాసుకునేవారు. చాలాకాలంగా రానిది త్వరలో రాక తప్పదని ఆయన నమ్మకం.

మాది ముప్పై ఏడు. పన్నెండు గురమ్మది, ఒంటరి మనిషైనా ఒక ఇల్లుగానే లెక్క. ఆమె కడప మనిషి. పనిచేసే ఇంటివాళ్లు సౌదీకి పారిపోతే మా దగ్గర ఉంటోంది.

"నీ పన్నెండు నాకియ్యి గురమ్మా. తొమ్మిది రోజులుగా వెలగలేదు. ఇక రావాల్సిందే," అన్నారాయన.

"తీసుకో సార్, నాకు యాదైనా ఒకటే. రేపు ముప్పై ఏడు వెలిగితే మాత్రం మళ్లా అడగాకు. ఖలాస్!" అని నవ్వింది.

నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నిన్నటి అంకెలు యంత్రానికి గుర్తుండవని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆయనకు చెప్పలేదు. మార్చుకున్నా మానుకున్నా అవకాశం ఒకటే కదా అనుకున్నాను. ఫ్రిజ్జులో నాలుగు రోజుల మందు ఉంది. ఆ పూట ఆయన మారు అన్నం అడిగారు.

మర్నాడు ముప్పై ఏడు వెలిగింది.

"ఊరికే అంటి సార్ ఆ మాట. నీ నెంబరు నువ్వే తీసుకో. టీచరమ్మా, నువ్వన్నా చెప్పు," అంది గురమ్మ.

"వద్దులేమ్మా. పన్నెండు రేపో ఎల్లుండో ఖాయం. నువ్వెళ్లు," అంటూ ఆయన నోటుబుక్కు తెరిచి చూపించారు.

నేను గురమ్మ సంచి తెచ్చి ఆమె చేతికిచ్చాను.

పన్నెండు సెప్టెంబరు పద్నాలుగున వెలిగింది. ఒక్కదాన్నే బస్సెక్కాను.

నవంబరులో గురమ్మ బెజవాడలో మా ఇంటికి ఉత్తరం రాయించింది. సార్‌కు ఒళ్లు ఎట్లుందని, పన్నెండు ఏ రోజు వచ్చిందని అడిగింది. ఆ ఉత్తరానికి నేనింకా జవాబు రాయలేదు.