లేఖలు రాసిన చెయ్యి

ముప్పై ఏళ్లుగా ఆవిడ రాసిందంతా రాణుల గురించే. చరిత్ర శాఖలో మగ ప్రొఫెసర్లు యుద్ధాలూ శిస్తులూ పంచుకుని, మిగిలింది ఆవిడకు వదిలేశారు. వెనకాల ‘అంతఃపురం మేడం’ అనుకునేవారు. సంగతి తెలిశాక ఆవిడే ఆ మాట కాగితం మీద రాసి తన గది తలుపుకు అంటించుకుంది. ఆ తర్వాత అనడంలో ఎవరికీ సరదా లేకుండా పోయింది.

రిటైరయ్యే ఏడాది ఆవిడ చేతిలో ఉన్న పుస్తకం ఒక రాణి మీద. రాజు మతి చలించి పదకొండేళ్లు మంచాన పడితే, రాజ్యాన్ని నడిపింది ఆ రాణే. సేనాపతులకూ పొరుగు రాజులకూ ఆమె పంపిన లేఖలు మూడొందల పైచిలుకు మిగిలాయి. వాటిలో ఒకదాన్ని వంశపు వారసుడు అద్దంలో బిగించి హాల్లో పెట్టుకుని, ముత్యాల్లాంటి ఆ దస్తూరీ తన ముత్తవ్వదని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. వాళ్ల దస్తావేజుల గదిలోకి నాలుగేళ్లు ఆవిడను రానిచ్చిందీ అతనే.

ఆ గదిలోనే, ఒక లేఖ మడత లోపల, సన్నటి అక్షరాలతో రెండు వాక్యాలు ఆవిడ కంటబడ్డాయి. “అమ్మగారు చెబుతూ చెబుతూ నిద్రపోయారు. నా వేళ్లు కూడా లాగేస్తున్నాయి, మిగతాది రేపు రాస్తాను.” దస్తూరీ అదే. ఆవిడ తర్వాత ఆరునెలలు పట్టి అన్ని లేఖలూ అంతఃపురం లెక్కలతో పోలుస్తూ మళ్లీ మొదటినుంచి చదివింది. రాణికి జడ వేసే దాసి జ్వరపడిన రెండు నెలలూ ఒక్క లేఖా బయటికి వెళ్లలేదు. రాణి స్వయంగా సంతకం పెట్టాల్సిన ఒప్పందం మీద వేలిముద్ర ఉంది.

ఇదంతా ఆవిడ రాసిన అధ్యాయం చదివి వారసుడు ఇంటికే వచ్చాడు. పుస్తకం బ్రహ్మాండంగా ఉందని పొగిడి, అదొక్కటీ తీసేయమన్నాడు.

“మా ముత్తవ్వ వేలిముద్ర మనిషంటే మా పరువేం కావాలి మేడం?”

“పదకొండేళ్లు ఒక్క ఊరు కూడా పోగొట్టుకోకుండా ఏలింది. దానికి మీ పరువు పోతే నేనేం చెయ్యను?” అంది ఆవిడ.

అతను కాఫీ ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. ఆ కప్పు తీస్తూ, ఆవిడతోనే ఉంటున్న అక్క, “మన నాయనమ్మా వేలిముద్రే కదే. ఇల్లంతా ఆవిడ మాట మీద నడవలేదూ?” అంది.

వారం తిరక్కుండా దస్తావేజుల గదికి తాళం పడింది. ప్రచురణకర్త పుస్తకం వేయలేనని ఉత్తరం రాశాడు. వీడ్కోలు సభకు వారసుడే ముఖ్య అతిథి అనీ, నాలుగు ముక్కలు మర్యాదగా మాట్లాడి కూర్చోమనీ వైస్‌చాన్సలర్ పిలిచి మరీ చెప్పాడు.

ఆవిడ నాలుగు ముక్కలే మాట్లాడింది. ముందు దాసి రాసుకున్న ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించింది.

“ముప్పై ఏళ్లు రాణుల గురించి రాశాను. పక్కన నిలబడి జడ వేసే మనిషి వైపు ఒక్కసారీ చూడలేదు. అది నా తప్పు. ఆ తప్పు దిద్దుకున్న అధ్యాయాన్ని తియ్యమంటున్నారు. తియ్యను.”

వారసుడు వేదిక దిగిపోయాడు. వైస్‌చాన్సలర్ తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. వెనక వరసలో లైబ్రరీ వాళ్లు మాత్రం లేచి చప్పట్లు కొట్టారు.

చివరికి ఒక చిన్న అచ్చాపీసు ఆ పుస్తకం వేసింది. పాత సహోద్యోగి ఒకాయన దాన్ని పనిమనుషుల కబుర్లని పత్రికలో తీసిపారేశాడు. ఆవిడ జవాబు రాయలేదు. దాసి మీద విడిగా రెండో పుస్తకం మొదలుపెట్టింది. గది మూసేశాక ఆధారాలెక్కడివని అక్క అడిగితే, వెతుకుతానంది.

నెల తర్వాత ఒక ఉదయం, ఎనభై దాటిన ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. వారసుడికి మేనత్త. ఆయాసం తీరేదాకా కూర్చుని అప్పుడు నోరు విప్పింది.

“ఆ రాణికి చదువు రాదని మా ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుసమ్మా. మమ్మల్ని ఎవరూ అడగలేదు, అంతే. దాసి తన కూతురికి రాసిన ఉత్తరాలు ఆడవాళ్ల చేతులు మారి నా పెట్టెలోకొచ్చాయి. మావాడు తాళం వేసుకుంది వాడి గదికి, నా పెట్టెకి కాదు. రేపొస్తావా?”

“ఇప్పుడే వస్తాను” అని ఆవిడ చెప్పులు వేసుకుంది.