కన్నం పెట్టె ఎవరిది?

ప్రోగ్రాం ఉన్న రోజు కాసులమ్మ మధ్యాహ్నమే గంప కడిగి ఎండబెట్టేది. కంచరపాలెంలో పెళ్లి జరిగినా, గోపాలపట్నంలో ఎవరు రిటైరైనా గురునాథరావు ఆర్కెస్ట్రాయే వాయించాలి. అందులో బేస్ గిటార్ ఆవిడ కొడుకు ఎల్లాజీది. అతను లావు తీగ మీటితే స్పీకర్ పెట్టె కన్నంలోంచి గాలి తోసుకొచ్చేది, గాలితో పాటు చేపలు పడేవి. హుషారు పాటకి నెత్తళ్లు, ఏడుపు పాటకి కానాగంతలు. కాసులమ్మ పెట్టె ముందు గంప పెట్టుకుని కూర్చునేది. ఫిర్యాదల్లా ముందు వరసలో పట్టుచీరల వాళ్లదే.

ఆంప్లిఫయర్ ఎవరో విదేశీ ఓడ మనిషి పోర్టులో అమ్మేసి పోయిన సరుకు. లోపలన్నీ బల్బుల్లాంటి గాజు వాల్వులు. మోయాలంటే ఇద్దరు కావాలి, అది వేడెక్కేలోగా ప్రార్థనా గీతం అయిపోయేది. దానికి పెట్టె మాత్రం ఎల్లాజీ చేశాడు, రెండు కిరోసిన్ డబ్బాలంతది. "ఏనుక్కి ఎలక బోనేట్రా" అని పేటంతా నవ్వింది. అతను పట్టించుకోలేదు. ఆంప్లిఫయర్ వెనక ఎన్ని ఓములని రాసుందో సరిగ్గా అన్ని ఓముల స్పీకరే వెతికి తెచ్చాడు. పెట్టెకి ముందు కన్నం కోసి, అందులో గొట్టం దూర్చి, ఆ గొట్టాన్ని గోరంత గోరంత తగ్గిస్తూ నెల్లాళ్లు విన్నాడు. ఆ నెల్లాళ్లూ పెళ్లాం సీతాలు మాట మాత్రం వినలేదు. అంతకుముందూ వినేవాడు కాదనుకోండి.

ఆ పెట్టెని గురునాథరావు స్టేజి మీద "లండన్ బాక్స్" అనేవాడు. కాసులమ్మకి ఒళ్లు మండేది. ఆయన గొంతు కూడా లండన్‌దే అయ్యుండాలి, ఇక్కడెవరికీ అర్థమయ్యేది కాదు.

ఎనభై నాలుగులో ఉక్కు టౌన్‌షిప్ వైపు కొత్త హాలు లేచింది. మైకులూ సౌండూ చూసుకోవడానికి మనిషి కావాలి, ఉద్యోగం పర్మనెంటు. ఓ పెళ్లిలో ఆ పెట్టె విన్న ఆఫీసరు నీలకంఠం, దాన్ని తయారుచేసిన మనిషినే పంపమన్నాడు. గురునాథరావు తడుముకోకుండా తన బావమరిది శ్రీరామ్మూర్తి పేరు రాయించాడు. శ్రీరామ్మూర్తి ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటాయన వచ్చి వేసేవాడు.

"పోనీవే అమ్మా" అన్నాడు ఎల్లాజీ. "ఎదురు సెప్తే ఆర్కెస్ట్రాలో కూడా ఉంచడు."

"పోనీడానికి అదేవన్నా నీ అయ్య ఇచ్చిన సొమ్మేట్రా? సేతులు కోసుకుని సేసినావు. రేపు ఆ హాలుకి నానూ వొస్తన్నాను."

"నువ్వెందుకే?"

"గంప ఎవుడు పడతాడు?"

మర్నాడు కొత్త హాల్లో పెట్టెకి పరీక్ష, తీగ మీటేది మాత్రం ఎల్లాజీయే. శ్రీరామ్మూర్తి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. నీచు పొడ గిట్టని మనిషి. చేపల బజారు దాటాలంటే చుట్టూ తిరిగి రెండు బస్సులు మారేవాడు. అందుకని పరీక్ష మొదలయ్యే ముందే పెట్టె కన్నానికి తువ్వాలు కుక్కేశాడు. ఎల్లాజీ మీటాడు. చేపలు రాలేదు. పాటకి జలుబు చేసింది.

"ఆ రోజు విన్నది ఇది కాదే" అన్నాడు నీలకంఠం.

శ్రీరామ్మూర్తి ఆంప్లిఫయర్‌కి ఉన్న నాబ్‌లన్నీ తిప్పాడు. వాల్వులు ఎర్రబడ్డాయి, జలుబు తగ్గలేదు. కాసులమ్మ ఇక కూర్చోలేకపోయింది. లేచి వెళ్లి తువ్వాలు లాగి పారేసింది.

"ముక్కు నొక్కీసి పాడమంటే ఎలా పాడతాది?"

ఎల్లాజీ లావు తీగ మీటాడు. హాలు నేల అదిరింది. మూరెడు కోనెం చేప జారుకుంటూ వచ్చి గంపలో పడింది.

"ఇదీ! పెట్టె బ్రహ్మాండంగా చేశావయ్యా శ్రీరామ్మూర్తీ" అని నీలకంఠం కలం తీశాడు.

కాసులమ్మ కోనేన్ని మొప్ప పట్టుకుని ఎత్తి శ్రీరామ్మూర్తి ముందు నిలబడింది. "మా రేవులో వల కట్టినోడిదే తొలి సేప, బాబూ. పెట్టె కట్టింది నువ్వే గదా? పట్టు."

"నాకెందుకు? నువ్వే ఉంచుకోమ్మా."

"కట్టినోడు సేత్తో పుచ్చుకోపోతే గంగమ్మకి కోపం. పట్టు!"

నీలకంఠం కలం కింద పెట్టాడు. ఆయనదీ భీమిలి వైపు రేవు ఊరే. "పుచ్చుకోవయ్యా. మా దగ్గరా అంతే. పుచ్చుకున్నాకే సంతకం."

"పట్టరా, ఒక్క నిమిషం!" అని పళ్లు నూరాడు గురునాథరావు.

"బావా, అది నన్నే చూస్తోంది!"

చేప తోక విదిల్చింది. ఇస్త్రీ చొక్కా మీద ఉప్పునీళ్లు చిందాయి. శ్రీరామ్మూర్తి రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. "నాది కాదండీ బాబూ! నేనొక్క మేకు కూడా కొట్టలేదు!"

గురునాథరావు కప్పు కేసి చూడసాగాడు. ఎల్లాజీ గిటార్ దించి, తల్లి ముందుకొచ్చి, రెండు చేతులా చేపని అందుకున్నాడు. నీలకంఠం కాగితం మీద ఒక పేరు కొట్టేశాడు.

"నీ ఇంటిపేరేటి?"

ఎల్లాజీ నోరు తెరిచేలోగా కాసులమ్మ అడ్డొచ్చింది. "నన్నడుగు బాబూ. ఆణ్ణడిగితే అది కూడా ఇంకెవుడికో ఇచ్చీగలడు."